మెత్తగా ఉందని మురిసిపోకండి

మా అన్నయ్య కారెక్కిన చుట్టాలంతా దిగేటప్పుడు ఒకటే మాట అనేవారు. ‘‘అబ్బ, పూలపల్లకీలో వచ్చినట్టుందండీ!’’ అని. ఆ మాట వినడం కోసమే అన్నయ్య అడిగినవాళ్లనీ, అడగనివాళ్లనీ నరసరావుపేట బస్టాండు దాకా దింపి వస్తాడని వదిన అనుమానం.

అది 1997లో కొన్న డేవూ సియెలో. అప్పట్లో మా వీధిలో కారంటే అంబాసిడర్, కాదంటే మారుతీ. వాటి మధ్య ఈ కారు పెళ్లికొడుకులా వచ్చి నిలబడింది. ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. 2000 నవంబర్‌లో కొరియాలో డేవూ మోటార్ దివాలా తీసింది. మరికొన్నేళ్లకు మన దేశంలోనూ షోరూములు మూతపడ్డాయి. ‘‘కంపెనీ పోతే పోయింది, కారుంది కదా’’ అన్నాడు అన్నయ్య. అన్నట్టే ఉంచుకున్నాడు. గడువు తీరినప్పుడల్లా ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, వారానికోసారి పొలం పని మీద గురజాల వెళ్లి వస్తూనే ఉన్నాడు.

కిందటి నెల ఈ శీర్షికలో బ్రేకుల సంగతి రాసినప్పుడు పిడుగురాళ్ల నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ‘బ్రేకులు కొత్తవి వేయించాం. అయినా గతుకుల రోడ్డు మీద బండి అనుకున్నచోట ఆగడం లేదు. ఎందుకంటారు?’ అని. ఆవిడ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే దొరికింది. అందుకే ఈ వారం అన్నయ్య కారు కథ.

కొండ దిగుతుంటే...

అన్నయ్య కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ వాడికో పాత స్పోర్ట్స్ కారుంది. 1972 నాటి డాట్సన్ 240జెడ్. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, ఆరు సిలిండర్ల ఇంజన్. ఆదివారం వచ్చిందంటే దాని కింద పడుకుని ఏదో ఒకటి విప్పుతూ ఉంటాడు. ‘‘లక్షలు పోసి చదివిస్తే తుప్పు పట్టిన బండి కొనుక్కున్నాడు’’ అని అన్నయ్య ఫిర్యాదు. తండ్రి షెడ్డులో ఉన్నదేమో కొత్త బండి అయినట్టు!

ఈ ఏడాది శివరాత్రికి వాడు ఊరొచ్చాడు. ప్రభలు వెళ్లిపోయి తిరునాళ్ల రద్దీ తగ్గాక అందరం కలిసి కోటప్పకొండ వెళ్లాం. కారు వాడే తోలాడు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఏమీ మాట్లాడలేదు. త్రికోటేశ్వరుడి దర్శనమయ్యాక దిగేటప్పుడు మాత్రం వాడి మొహం మారింది. ప్రతి మలుపు ముందూ బ్రేకు తొక్కితే కారు ముక్కు నేలకు వంగుతోంది, వదిలితే పైకి లేస్తోంది. మలుపు తిరిగాక కూడా కాసేపు ఊగుతూనే ఉంది.

‘‘నాన్నా, ఇది ఎన్నాళ్లుగా ఇలా ఉంది?’’

‘‘ఎలా ఉంది?’’

‘‘ఇలా... ఊగుతూ.’’

‘‘ఊగడం కాదురా, దాన్ని మెత్తదనం అంటారు.’’

కొండ కింద చెట్టు నీడన ఆపి వాడు ముందు చక్రం పైభాగాన, బానెట్ మూల మీద రెండు చేతులూ ఆనించాడు. బలంగా కిందికి నొక్కి ఒక్కసారి వదిలేశాడు. కారు లేచింది, దిగింది. మళ్లీ లేచింది, దిగింది. నాలుగోసారికి గానీ నిలవలేదు. ‘‘చూశావా, నువ్వేం చెప్పినా తలూపుతోంది. మీ నాన్న కంటే నయం’’ అంది వదిన. అందరం నవ్వుకున్నాం. ముందు షాకబ్జార్బర్లు పోయాయని వాడంటే, ఇంకో రెండేళ్లు ఢోకా లేదని అన్నయ్య అన్నాడు. మాట అక్కడితో ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత పిడుగురాళ్ల వైపు వెళ్తున్నాం. ఈసారి స్టీరింగ్ అన్నయ్య చేతిలో ఉంది. ఆ రోడ్ల మీద సున్నం లారీలు, సిమెంటు లారీలు రేయింబవళ్లు తిరుగుతుంటాయి. బరువుకు తారు అలలు అలలుగా లేచిన చోట్లుంటాయి. అలాంటి చోటే పక్క డొంకలోంచి గేదెల మంద రోడ్డెక్కింది. వెనక కర్ర పట్టుకుని పదేళ్ల పిల్లాడు. అన్నయ్య బ్రేకు బలంగానే తొక్కాడు. కానీ ముందు చక్రాలు దడదడమని గంతులేస్తూ జారాయి. ఎక్కడ ఆగుతుందనుకున్నామో అక్కడ ఆగలేదు. ఇంకో కారు నిడివి ముందుకుపోయి ఆగింది. ఆ పిల్లాడికీ బానెట్‌కూ మధ్య మిగిలింది బారెడు దూరం.

పిల్లాడికి ఏమీ కాలేదు. వాడు మా వంక ఒకసారి చూసి, గేదెల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. అన్నయ్య మాత్రం చాలాసేపు స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు. తర్వాత తాళంచెవి కొడుకు చేతికిచ్చి, వెనక సీట్లో కూర్చున్నాడు.

‘‘ఏ మేస్త్రి దగ్గరికి పోదాంరా?’’ అని మాత్రం అడిగాడు.

మోసేది స్ప్రింగ్, ఆపేది షాక్

చాలామంది అనుకునేది ఏమిటంటే, షాకబ్జార్బర్ ఉన్నది మన నడుము కోసమని. గుంతలో పడితే కుదుపు తెలియకుండా చేస్తుందని. అందుకే కారు మెత్తగా ఊగుతుంటే అంతా బాగుందనుకుంటాం. అసలు సంగతి వేరు.

కారు బరువు మోసేది స్ప్రింగ్. గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ తీసుకునేదీ అదే. కానీ స్ప్రింగ్‌కు ఒక గుణం ఉంది. ఒకసారి నొక్కితే ఊరుకోదు, లేస్తుంది. లేచి మళ్లీ దిగుతుంది. ఆపేవాళ్లు లేకపోతే ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపేదే షాకబ్జార్బర్. లోపల ఒక గొట్టం, దాన్నిండా నూనె, నూనెలో సన్నటి రంధ్రాలున్న పిస్టన్. చక్రం కదిలినప్పుడల్లా పిస్టన్ ఆ నూనెను రంధ్రాల గుండా తోసుకుంటూ పోవాలి. గట్టి పెరుగులో కవ్వం తిప్పి చూడండి, చేయి బరువెక్కుతుంది. నీళ్ల మజ్జిగలో అదే కవ్వం బొంగరంలా తిరుగుతుంది. సీలు కారి నూనె తగ్గినా, లోపలి వాల్వులు అరిగినా కొత్త షాక్ పెరుగు కవ్వం కాస్తా మజ్జిగ కవ్వం అయిపోతుంది.

ఇక్కడ రెండు ఊపులుంటాయి. ఒకటి కారు ఒంటి ఊపు. అది సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు. మనకు తెలిసేది, పూలపల్లకీ అనిపించేది అదే. రెండోది చక్రం ఊపు. చక్రం తేలిక, దాని కింద స్ప్రింగ్‌లా పనిచేసే టైరు గట్టి. అందుకని అది సెకనుకు పది పన్నెండు సార్లు ఎగురుతుంది. ఇది మన ఒంటికి అంతగా తెలియదు, టైరుకు తెలుస్తుంది. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఆ లెక్కన ప్రతి రెండు మీటర్లకు ఒకసారి చక్రం రోడ్డును సరిగ్గా నొక్కకుండా తేలిపోతోందన్నమాట.

కారు మొత్తానికీ రోడ్డుకూ ఉన్న బంధం నాలుగు అరచేతులంత చోటే. నాలుగు టైర్ల కింద నేలను తాకే భాగం అంతే. బ్రేకు ఎంత కొత్తదైనా అది ఆపేది చక్రాన్ని. కారును ఆపేది మాత్రం రోడ్డు మీద టైరు పట్టు. చక్రం గాల్లోకి తేలిన క్షణంలో బ్రేకు పట్టుకుంటే అది తిరగడం మానేసి జారుతుంది. పిడుగురాళ్ల పాఠకురాలికి ఇదే నా జవాబు. అమ్మా, బ్రేకులు చూపించారు సరే, షాక్‌లు కూడా ఒకసారి చూపించండి.

ఇందులో మోసం ఏమిటంటే, షాక్ ఒక్కరోజులో పోదు. బల్బులా టప్పున ఆరిపోతే మర్నాడే మారుస్తాం. ఇది వేల కిలోమీటర్ల మీద కొంచెం కొంచెంగా నీరసిస్తుంది. ఇవాళ నిన్నటిలాగే ఉంటుంది. నిన్న మొన్నటిలాగే ఉంది. రోజూ తోలేవాడికి తేడా తెలియదు, వాడి చేతులూ కాళ్లూ ఆ ఊపుకు అలవాటు పడిపోతాయి. ఏడాదికోసారి వచ్చే కొడుకుకు ఒక్క ఘాట్ రోడ్డులో తెలిసిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లు చిక్కిపోతే పక్కనున్న మనకు తెలియక, ఊరినుంచి వచ్చిన మేనత్త గుమ్మంలోనే కనిపెడుతుంది చూడండి, అలాగ.

మెక్‌ఫర్సన్ గొట్టం

పాత అంబాసిడర్ కింద స్ప్రింగ్ పని చేసే కడ్డీ ఒకచోట, షాక్ ఇంకొకచోట ఉండేవి. ఇప్పటి చిన్న కార్లలో ముందు చక్రాల దగ్గర ఆ రెంటినీ కలిపి ఒకే నిలువు స్తంభంగా నిలబెడతారు. పేరు స్ట్రట్. దాని అడుగు చక్రం పట్టుకునే ఇనుముకు, తల బానెట్ కింద బాడీకి బిగించి ఉంటాయి. చుట్టూ కాయిల్ స్ప్రింగ్, కడుపులో షాక్. స్టీరింగ్ తిప్పితే చక్రంతోపాటు ఈ స్తంభమూ తిరుగుతుంది.

ఈ ఆలోచన ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరుది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక షెవర్లే కంపెనీలో క్యాడెట్ అనే చిన్న కారు కోసం తక్కువ ఖర్చులో ముందు సస్పెన్షన్ ఎలాగా అని తలపట్టుకుని దీన్ని రూపొందించాడు. 1947లో ఆ కారునే కంపెనీ వద్దనుకుంది. ఆయన ఫోర్డ్‌కు వెళ్లాడు. 1950లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్ కారుకు ఈ స్ట్రట్ పెట్టారు. తర్వాత అది లోకమంతా పాకింది. 1983 డిసెంబర్‌లో మారుతీ 800తో మన మధ్యతరగతి ఇళ్లకూ వచ్చింది. డబ్బు మిగల్చడానికి పుట్టిన వస్తువు మా అబ్బాయి 240జెడ్ లాంటి స్పోర్ట్స్ కారుకూ పనికొచ్చిందంటే ఆ లెక్క ఎంత బాగా కుదిరిందో చూడండి.

స్ట్రట్‌లలో రెండు రకాలు. ఈ కాలపు కార్లలో చాలావాటికి మూత పూర్తిగా మూసేసి ఉంటుంది. పాడైతే మొత్తం మార్చడమే. పాత రకంలో గొట్టం పైన పెద్ద నట్టు ఉంటుంది. నట్టు విప్పితే లోపలి సరంజామా బయటికొస్తుంది. గొట్టాన్ని ఉంచేసి, కడుపులో మాత్రం కొత్తది దించొచ్చు. ఆ కొత్తదాన్నే ఇన్సర్ట్ అంటారు. కొందరు కార్ట్రిడ్జి అంటారు. బాల్‌పెన్నులో రీఫిల్ మార్చినట్టన్నమాట. 240జెడ్‌ది ఈ రకమే. అన్నయ్య సియెలోదీ ఇదే. అమెరికా అబ్బాయి చేతులకు సియెలో జబ్బు అంత త్వరగా తెలియడానికి అదీ ఒక కారణం.

మూడు దారులు

మేస్త్రి మా అన్నయ్య ఈడువాడే. లారీల కింద పెరిగిన మనిషి. కారు కింద లైటు వేసి చూసి, ఎడమ స్ట్రట్ మీద మట్టి అట్ట కట్టిన చోటును వేలితో గీకాడు. వేలు నల్లగా జిడ్డయింది. ‘‘సీలు పోయింది సార్. నూనె కారీ కారీ దుమ్ము పట్టింది. ఇంతకుముందు ఎవరన్నా ఇప్పారా?’’

విప్పారు. మూడేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక షెడ్డులో నూనె మార్చి, సీలు వేసి, ‘కొత్తదానిలా చేశాం’ అని పంపారు. నాలుగు నెలలకే మళ్లీ కారింది. అన్నయ్య ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. తక్కువలో అయిపోయిందని అప్పట్లో చెప్పిన సంతోషం ఎక్కడ పోతుందోనని!

ఇప్పుడు ముందున్నవి మూడు దారులు. మళ్లీ నూనె పోయించడం. తుక్కు కొట్లో పాత స్ట్రట్‌లు వెతికి వేయడం. లేదా కొత్త ఇన్సర్ట్‌లు తెప్పించడం. మొదటిది చవక. కానీ కడ్డీ మీద గీతలు పడి ఉంటే కొత్త సీలును కూడా ఆ గీతలే కోసేస్తాయి. లోపలి వాల్వుల అరుగుదలకు నూనె మందు కాదు. రెండోది ఒకరి ఇంట్లో పాతబడిన జబ్బును మన ఇంటికి తెచ్చుకోవడమే. మిగిలింది మూడోది. ఎప్పుడో మూతపడ్డ కంపెనీ సరుకు ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడే కారు వంశవృక్షం అక్కరకొచ్చింది. సియెలో పుట్టుక కొరియాలో అయినా మూలం జర్మనీ. ఓపెల్ కడెట్ అనే కారుకు ఇది కొరియా రూపం. ఆ కడెట్ 1985లో యూరప్‌లో ‘కార్ ఆఫ్ ది ఇయర్’. మన దగ్గర పోయాక కూడా ఉజ్బెకిస్థాన్‌లో నెక్సియా పేరుతో ఇదే కారు 2016 దాకా తయారైంది. బంధువులు అన్ని దేశాల్లో ఉన్నప్పుడు విడిభాగాలు ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. మావాడు గుంటూరుకు, విజయవాడ ఆటోనగర్‌కు, సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వరసగా ఫోన్లు కొట్టాడు. ‘సియెలోనా? ఇంకా ఉందా సార్ మీ దగ్గర?’ అని పలకరించినవాళ్లే ఎక్కువ. చివరికి నాలుగో రోజున ఒక కొట్టాయన అటక మీంచి జత తీశాడు. పార్సిల్ బస్సులో వచ్చింది. ఖర్చు? రెండు కొత్త టైర్ల ధర కాలేదు.

‘‘కారేది ఎడమదే కదా, ఒకటి చాలదూ?’’ అన్నాడు అన్నయ్య, ప్రాణం ఒప్పక.

‘‘ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి అరిగిన చెప్పు ఏసుకుని కొండెక్కుతారా సార్?’’ అన్నాడు మేస్త్రి. అన్నయ్య మళ్లీ మాట్లాడలేదు. బ్రేకు తొక్కినప్పుడు ఒక పక్క పట్టి, ఇంకో పక్క ఊగితే కారు పక్కకు లాగుతుంది. షాక్‌లు ఎప్పుడూ జతగానే మార్చాలి.

కోపిష్టి స్ప్రింగ్

పొద్దున ఏడింటికి మొదలుపెట్టారు. జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాకే చక్రాలు విప్పారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. బ్రేకు గొట్టాన్ని స్ట్రట్ నుంచి తప్పించి, బరువు దాని మీద పడకుండా తాడుతో కట్టారు. కింది బోల్టులు విప్పబోయే ముందు మేస్త్రి సుద్దతో గుర్తు పెట్టాడు, బిగించేటప్పుడు చక్రం వాలు మారకుండా. ఆ తర్వాత బానెట్ కింద నట్టు తీస్తే స్ట్రట్ మొత్తం చేతికొచ్చింది.

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆ స్ప్రింగ్ నొక్కుకుని కూర్చుని ఉంది. పైన ఒక్క నట్టు దాన్ని పట్టి ఉంచింది. తెలియక ఆ నట్టు విప్పితే స్ప్రింగ్, మూత కలిసి తుపాకీ గుండులా ఎగురుతాయి. మేస్త్రి తన ఎడమ చేతి మధ్యవేలు చూపించాడు. కొస లేదు. ‘‘కుర్రతనంలో కమ్మి చుట్టి ఇప్పాను బాబూ. కమ్మి తెగింది. దీనికి కోపం ఎక్కువ.’’ ఇప్పుడు ఆయన దగ్గర స్ప్రింగ్ కంప్రెసర్ జత ఉంది. స్ప్రింగ్‌కు ఎదురెదురుగా రెండు కొక్కేలు తగిలించి, ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు సమంగా బిగించాడు. స్ప్రింగ్ వదులై చేత్తో తిప్పితే తిరిగేదాకా పై నట్టు జోలికి పోలేదు. ఇది చదివి ఇంట్లో ప్రయత్నిద్దామనుకునే కుర్రాళ్లుంటే, ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. పరికరం లేకపోతే పని మొదలుపెట్టకండి.

తర్వాత గొట్టం మీది పెద్ద నట్టు. పాతికేళ్లు దాటిన తుప్పు. ముందురోజు రాత్రే నూనె పట్టించి ఉంచారు. అయినా పైప్ రెంచికి నాలుగడుగుల పైపు తొడిగి ఇద్దరు తూగితే గానీ కదల్లేదు. నట్టు ఊడాక గొట్టాన్ని బోర్లిస్తే కారింది చిన్న కప్పుడు నూనె. నల్లగా, నీళ్లలా. ఎడమదాంట్లో అదీ లేదు. అన్నయ్య ఆ కప్పును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లూ చుట్టాలు మెచ్చుకున్న పూలపల్లకీ రహస్యం అదే.

గొట్టం కడిగి, గుడ్డతో తుడిచి, మావాడు కొత్త ఇన్సర్ట్ దించబోతుంటే మేస్త్రి ఆపాడు. ‘‘ఉండు బాబూ, కాస్త నూనె పొయ్యాలి.’’ మావాడు నవ్వాడు. అమెరికాలో వాడు పుస్తకం చూసి నేర్చుకున్నదీ అదే. ఇన్సర్ట్ లోపల దానికి కావలసిన నూనె ఉంటుంది, అది మూసేసి ఉంటుంది. ఈ నూనె బయటి గొట్టానికీ ఇన్సర్ట్‌కూ మధ్య ఖాళీలోకి. ఊపును ఆపడమంటే ఆ శక్తిని వేడిగా మార్చడమే. మధ్యలో గాలి ఉంటే వేడి అక్కడే ఆగిపోతుంది. నూనె ఉంటే బయటి గొట్టానికి చేరి రోడ్డు గాలికి చల్లారుతుంది. లోపల తుప్పు కూడా పట్టదు. ఎంత పోయాలంటే, ఇన్సర్ట్ దించాక పైదాకా పొంగి కారకూడదు. పుస్తకం చదివినవాడూ, లారీల కింద నేర్చినవాడూ ఒకేచోటికి వచ్చారు. ఆ తర్వాత ఇద్దరి మధ్య ‘బాబూ’, ‘మేస్త్రిగారూ’ అన్న పిలుపులు మరింత దగ్గరయ్యాయి.

కొత్త ఇన్సర్ట్ కడ్డీ అద్దంలా మెరుస్తోంది. బిగించేటప్పుడు అది తిరిగిపోతుంటే షెడ్డు కుర్రాడు కటింగ్ ప్లేయర్ తీసుకొచ్చాడు, పట్టుకుందామని. మావాడు కేకేసినంత పని చేశాడు. 240జెడ్‌కు మొదటిసారి మార్చినప్పుడు వాడు చేసిన తప్పు అదేనట. ప్లేయర్ పళ్ల గీతలు పడి, ఆ గరుకుకు సీలు చిరిగి, కొత్త ఇన్సర్ట్ కొన్ని వారాల్లోనే కారింది. ‘‘మూడొందల డాలర్ల పాఠం మేస్త్రిగారూ’’ అన్నాడు. కడ్డీ కొసను పట్టుకోవడానికి కంపెనీవాళ్లు వేరే చోటు ఇస్తారు. మెరిసే భాగాన్ని ముట్టుకోకూడదు.

ఇన్సర్ట్‌ను నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు లాగి నొక్కారు, నూనెలో గాలి బుడగలుంటే పోవడానికి. పెద్ద నట్టు గట్టిగా బిగించారు. లోపల ఇన్సర్ట్ వదులుగా ఉంటే ప్రతి గుంతకూ టకటకమంటుంది. పైనున్న రబ్బరు మౌంటు, దుమ్ము పడకుండా ఉండే తొడుగు కూడా కొత్తవే వేశారు. విప్పిందెలాగూ విప్పారు, వాటికోసం మళ్లీ ఇంత పని ఎవరు చేస్తారు? మధ్యాహ్నం అన్నాలవేళకు రెండు పక్కలా అయిపోయింది. సాయంత్రం వీల్ అలైన్‌మెంట్ చేయించారు. స్ట్రట్ కదిలాక అది చేయించకపోతే కొత్త టైర్లు ఒక పక్క అరిగిపోతాయి.

మీ కారునే అడగండి

అన్నయ్యకు జరిగింది మీకు జరగకుండా, ఇంటిముందే చేసుకోదగ్గ పరీక్షలు ఇవి.

ఒకటి. కారు మూల మీద బలంగా నొక్కి వదలండి. లేచి ఒకసారి సర్దుకుని నిలవాలి. రెండు మూడుసార్లు తలూపితే షాక్ నీరసించినట్టే. నాలుగు మూలలూ విడివిడిగా చూడండి. ఇందులో నెగ్గినంత మాత్రాన అంతా బాగుందని కాదు, ఓడితే మాత్రం బాగాలేదనే.

రెండు. ముందు చక్రం పక్కకు తిప్పి, లోపల స్ట్రట్ గొట్టాన్ని చూడండి. ఎండిన దుమ్ము ఉంటే మంచిది. తడి జిడ్డు మీద మట్టి అట్టకట్టి ఉంటే సీలు కారుతోంది.

మూడు. టైరు మీద అరచేతితో నిమరండి. ఎత్తుపల్లాలుగా, దోసెడు తీసినట్టు అక్కడక్కడ అరిగి ఉంటే చక్రం గంతులేస్తోందని అర్థం. అలైన్‌మెంట్ లోపమైతే ఒక అంచు పొడుగునా అరుగుతుంది.

నాలుగు. బ్రేకు వేసినప్పుడు ముక్కు మరీ వంగుతోందా? మలుపు అయ్యాక కూడా కారు ఊగుతోందా? మన ఊళ్లలో ఎవరికి వారు పోయించుకున్న ఎత్తు స్పీడ్ బ్రేకర్లు దాటాక ఎన్నిసార్లు లేచి పడుతోంది?

ఐదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఏడాదికోసారి మీ కారును, దానిలో ఎప్పుడూ కూర్చోని డ్రైవింగ్ తెలిసిన మనిషి చేతికివ్వండి. మీకు అలవాటైపోయింది వాళ్లకు అలవాటు కాదు. వాళ్లు ఏమైనా అంటే కోపం తెచ్చుకోకుండా వినండి.

షాక్‌లకు ఇన్నేళ్లని గడువు రాసిపెట్టి లేదు. తయారుచేసేవాళ్లలో కొందరు 80,000 కిలోమీటర్ల దగ్గర చూపించుకోమంటారు. లారీలు దున్నిన రోడ్ల మీద తిరిగే కార్లకు అంతకంటే ముందే చూపించుకోవడం మేలు. మూత పూర్తిగా మూసేసిన రకం స్ట్రట్‌లను కోసి, నూనె పోసి, వెల్డింగ్ పెట్టి ఇస్తామనేవాళ్లు ఉంటారు. వాటి జోలికి పోకండి. మొత్తం స్తంభం మార్చడమే మంచిది.

మావాడు అమెరికా వెళ్లే ముందురోజు మళ్లీ పిడుగురాళ్ల రోడ్డు మీదికి వెళ్లాం. కారు అన్నయ్యే తోలాడు. ఆ అలల తారు దగ్గర, వెనకా ముందూ ఎవరూ లేకుండా చూసుకుని, కావాలనే బ్రేకు బలంగా తొక్కాడు. కారు కొంచెం వంగి, గంతులేయకుండా నిలబడింది. దిగి వెళ్లి, చక్రాల గుర్తు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అడుగులేసి కొలిచాడు. ఎన్ని అడుగులో మాకు చెప్పలేదు. డొంక వైపు ఒకసారి చూసి వచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు కారెక్కిన చుట్టాలెవరూ పూలపల్లకీ అనడం లేదు. ‘‘ఏమండీ, కాస్త గట్టిగా ఉందేం?’’ అంటున్నారు.

‘‘ఆగుతోంది’’ అంటాడు అన్నయ్య. అంతే అంటాడు.